చిరునామా ఉన్న లైను

మా వదినకి ఫోన్‌లో ఒక అలవాటు ఉంది. అవతల ఎవరు ఎత్తినా ముందు "ఉన్నారా అండీ?" అంటుంది. ఎత్తారంటే ఉన్నట్టే కదా అని ఆసుపత్రిలో అందరూ నవ్వుతారు. నర్సులు ఆమెకి ‘ఉన్నారా మేడం’ అని పేరు కూడా పెట్టారు. వదిన మాత్రం నవ్వదు. ఆమె పనిలో ఆ ప్రశ్నకి నిజంగానే జవాబు కావాలి.

వదిన కూర్చునేది ఆసుపత్రి కింది అంతస్తులో, మందుల గోదాము దాటాక వచ్చే కిటికీ లేని గదిలో. అద్దం గోడకి అవతల నల్లటి బీరువాల్లాంటి యంత్రాలు, వాటిని చల్లగా ఉంచడానికి ఎప్పుడూ ఆగని ఏసీ. ఏ మంచం మీద ఎవరున్నారో, ఎవరి రక్తంలో ఏముందో, ఎవరికి ఏ మందు పడిందో అంతా ఆ యంత్రాల్లోని డేటాబేస్‌లో ఉంటుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండటమే వదిన ఉద్యోగం. అద్దానికి ఇవతల రెండు బల్లలు. ఒకటి వదినది, ఒకటి నాది. అద్దాలు తుడవడం, ఫోన్ ఎత్తడం, వదిన లేచి వెళ్ళినప్పుడు తెర మీద కన్నేసి ఉంచడం నా పని. అమ్మకి ఒంట్లో బాగోక నా చదువు తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయింది. అన్నయ్య పోయాక, ఇంట్లోనే ఉంటే ఈ పిల్ల గోడల్లో కలిసిపోతుందని వదినే పైవాళ్ళని అడిగి నన్ను ఇక్కడ పెట్టించింది. తెర చూడటం నాకు ఇష్టం. ఫోన్ ఎత్తడమంటే భయం.

మొదటిరోజు తెర చూసి, "ఎంతమంది పని చేస్తున్నారు వదినా!" అన్నాను. లైను కింద లైను, తెర నిండా ఉన్నాయి.

"అందులో మనుషులు సగమే," అంది వదిన.

"మిగతా సగం ఎవరు?"

"ఇంట్లోవాళ్ళు. ఎప్పుడూ ఉంటారు. నువ్వూ నేనూ ఇంటికెళ్ళాక కూడా."

ఆ మాటకి నేను అద్దం వైపు చూశాను. అవతల చిన్న పచ్చదీపాలు తప్ప ఏమీ కనపడలేదు.

లైన్లని విడదీసి చూడటం వదిన నాకు బియ్యంలో రాళ్ళు ఏరడం నేర్పినట్టు నేర్పింది. వార్డులో నర్సో, మందుల కౌంటర్లో గుమాస్తానో తన కంప్యూటర్ తెరిచి లోపలికొస్తే తెర మీద ఒక లైను పుడుతుంది. దాని పక్కన వాళ్ళు వచ్చిన బల్ల చిరునామా ఉంటుంది. వాళ్ళు మూసుకుని వెళ్ళగానే లైనూ పోతుంది. వీళ్ళు వచ్చిపోయేవాళ్ళు. వీళ్ళలో ఎవరైనా పెద్ద ప్రశ్న వేస్తే, ఒక్కరి వల్ల కాదని డేటాబేసే ఇద్దరు ముగ్గురు తోడువాళ్ళని పుట్టించి ఇస్తుంది. ఆ లైన్ల పక్కన వాళ్ళ నాయకుడి, అంటే ప్రశ్న వేసిన లైను, నంబరు ఉంటుంది. పని అయిపోగానే మాయమవుతారు. కళ్ళార్పితే వాళ్ళు ఉన్నారని కూడా తెలీదు.

ఇక ఇంట్లోవాళ్ళు. యంత్రం లేచినప్పుడే వీళ్ళూ లేస్తారు. జరిగే ప్రతి మార్పునీ ముందుగా రాసిపెట్టుకునేవాడు ఒకడు. మార్పుల్ని మెల్లిగా డిస్కు మీదికి దింపేవాడు ఒకడు. పనికిరాని పాత వివరాలని ఏరి పారేసే ఊడ్చేవాడు ఒకడు. వీళ్ళ పక్కన చిరునామా ఖాళీగా ఉంటుంది.

"బయటి నుంచి రాలేదు కదా, చిరునామా ఎక్కడి నుంచి వస్తుంది?" అంది వదిన. "ఇదొక్కటి గుర్తు పెట్టుకో. పేరు చూసి మోసపోవచ్చు. చిరునామా చూసి మోసపోలేవు."

"ఇంట్లోవాడిని ఆపితే ఏమవుతుంది?"

"మర్యాదగా ఆపితే మళ్ళీ పుట్టుకొస్తాడు. మెడపట్టి గెంటావనుకో, ఇల్లంతా కూలి మళ్ళీ లేస్తుంది. అది లేచేదాకా పైన ఆపరేషన్ గదుల్లో తెరలు నల్లగా ఉంటాయి."

"వచ్చిపోయేవాళ్ళని?"

"ఆపొచ్చు. ముందు ఆ బల్లకి ఫోన్ చేసి అడగాలి. ఎవరి చేతిలో ఏ పని సగంలో ఉందో మనకేం తెలుసు?"

అందుకే ఆ ‘ఉన్నారా అండీ’. ఒకసారి మందుల కౌంటర్ లైను పొద్దుటి నుంచీ కదలకుండా పడుంది. వదిన ఫోన్ చేసింది. గుమాస్తా నోటినిండా ఏదో పెట్టుకుని ఎత్తాడు.

"ఉన్నారా అండీ?"

"ఉన్నానండీ. సగం ఇక్కడ, సగం భోజనం డబ్బాలో."

"పని సగంలో వదిలేశారు. ముగించండి, లేకపోతే ఆపేస్తాను."

"అమ్మో, మూడు ముద్దలు టైమివ్వండి మేడం!"

వదిన ఇచ్చింది. ఆ గదిలో నేను నవ్విన రోజులు కొన్నే, అందులో అదొకటి.

అన్నయ్య పనిచేసింది కూడా ఆ అంతస్తులోనే. వరండా చివర లెక్కల గది. నెలాఖరున ఆసుపత్రి లెక్కలన్నీ కూర్చి పైకి పంపేది అతనే. ఒక మధ్యాహ్నం లెక్క సగంలో ఉండగా కుర్చీలోనే పక్కకి ఒరిగాడు. పైకి మోసుకెళ్ళారు. సాయంత్రానికి లేడు. అతని కంప్యూటర్‌ని ఎవరో తీగలు లాగేసి గోదాములో పడేశారు. ఇప్పుడా గదిలో విరిగిన మంచాలు ఉన్నాయి. నేను ఆ తలుపు ముందు నుంచి వెళ్ళేటప్పుడు లోపలికి చూడను.

పనిలో చేరిన కొన్నాళ్ళకి, తెర అట్టడుగున ఎప్పుడూ కదలని ఒక లైను నా కంటపడింది. పేరు దగ్గర లెక్కల గది అని ఉంది.

"ఇదెవరు వదినా?"

వదిన తెర వైపు చూడకుండానే చెప్పింది. "ఇంట్లోవాడే. దాన్ని ముట్టుకోకు."

నేను ముట్టుకోలేదు. కానీ దాని పక్కన చిరునామా ఉంది.

అడగడానికి నోరు రాలేదు. నాకు ఎప్పుడూ అంతే, కళ్ళు ముందు వెళ్తాయి, నోరు ఎక్కడో వెనక నడుచుకుంటూ వస్తుంది. అందుకని చూస్తూ ఉన్నాను. సాయంత్రం లేచేటప్పుడు వదిన తెర ఆపే ముందు ఆ లైను మీద వేలు పెట్టి, "వెళ్ళొస్తా" అనేది. పొద్దున వచ్చి సంచి కూడా దించకుండా ముందు అది ఉందో లేదో చూసేది. ఉంటే భుజాలు దిగేవి. ఇంటికొచ్చే వేళ రోజురోజుకీ వెనక్కి జరిగింది. "దానికి ఆ పెట్టెతోనే కాపురం" అని అమ్మ మంచం మీద నుంచే సణిగేది.

ఎండలు ముదిరేసరికి యంత్రం మందగించింది. రక్తపరీక్షల ఫలితాలు తెర మీదికి రావడానికి ఆలస్యమవుతోందని వార్డుల నుంచి ఫోన్లు. డిస్కు కూడా ఉబ్బిపోతోంది. పైనుంచి కొత్త సారుని పంపారు. మెత్తటి మనిషి. వచ్చేటప్పుడు మాకు కూడా టీ పట్టుకొచ్చేవాడు. అతనితోపాటు వైర్ల బాబాయ్ వచ్చాడు. ఆసుపత్రి తీగలన్నీ ఆయన చేతిమీదుగా పడినవే.

"ఏమ్మాయ్, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా?" అన్నాడు నన్ను చూసి.

"రాలితే ఊడ్చేది కూడా అదే, వదిలెయ్ బాబాయ్," అంది వదిన.

కొత్త సారు తెర మీద వెతికి ఊడ్చేవాడి లైను పట్టుకున్నాడు. "వీడేనేమో మేడం. చూడండి, ఎప్పుడూ పనిలోనే ఉన్నాడు. వీడే యంత్రాన్ని తినేస్తున్నాడు."

"అయ్యుండొచ్చు," అంది వదిన.

నేను తలెత్తి చూశాను. ఊడ్చేవాడిని ఎప్పుడూ వెనకేసుకొచ్చే వదిన ఆ మాట అనడం వింతగా ఉంది.

సారు వాడిని ఆపాడు. మేం టీ పూర్తిచేసేలోపు కొత్త నంబరుతో మళ్ళీ వచ్చాడు. మళ్ళీ ఆపాడు. మళ్ళీ వచ్చాడు. "వీడు మా అత్తగారి టైపు," అన్నాడు వైర్ల బాబాయ్. సారు నవ్వి, వాడు రాసిపెట్టిన మాటలు తెరిచి చదివాడు. ప్రతి విడతలోనూ ఒకే మాట ఉంది. ఇన్ని లక్షల పాత వివరాలు చనిపోయినవి, కానీ ఇంకా తీసేయడానికి వీల్లేదు. మళ్ళీ మరో పట్టిక. చనిపోయినవి, ఇంకా తీసేయడానికి వీల్లేదు.

ఏసీ గాలి ఒక్కసారిగా మెడ మీద తగిలినట్టయింది.

"ఎందుకు వీల్లేదట?" అన్నాడు సారు.

"చూస్తాను," అంది వదిన. "ఒక్క వారం టైమివ్వండి."

"యంత్రాన్ని ఒకసారి ఆపి లేపితే?"

"పైన ఆపరేషన్లు ఆపి రండి, నేను దీన్ని ఆపుతాను."

ఆయన తలూపి, పెద్ద డిస్కు తెప్పించే ఏర్పాటు చూస్తానని వెళ్ళిపోయాడు.

ఆ వారంలో నాకు యంత్రం కన్నా వదినంటే భయం వేసింది. భోజనాల దగ్గర ఒక నర్సుతో, "పద్నాలుగో మంచం తాతగారికి దగ్గు తగ్గిందా?" అంది. నర్సు ముద్ద నోటి దగ్గరే ఆపేసింది. ఆ తాత పోయి నెలలయింది. వదిన ఏమీ జరగనట్టు తింటోంది. మర్నాడు ఒక చీటీ మీద తేదీ వేసి నాకిచ్చింది. అది అన్నయ్య ఒరిగిపోయిన రోజు తేదీ. దిద్దమని అందామనుకుని, చీటీ మడిచి దగ్గర పెట్టుకున్నాను.

వారం చివర ఒక మధ్యాహ్నం ఎమర్జెన్సీ నర్సు మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. "ఒక మనిషి బల్ల మీద రక్తం కారుతూ పడున్నాడు, మీ తెర మీద గ్రూపు రాదు! చివరికి ల్యాబుకి పరిగెత్తి చేత్తో రాయించుకొచ్చాను. కింద కూర్చుని ఏం చేస్తున్నారు మీరు?" అని అరిచి, జవాబు వినకుండానే వెళ్ళిపోయింది.

వదిన తలుపు వైపు చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. ఆమె కళ్ళలో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. ఇంట్లో ఉండాల్సిన మనిషిని వీధిలో చూసినట్టు.

"నువ్వెప్పుడొచ్చావే?" అంది. "అమ్మని ఒక్కదాన్నే వదిలి వచ్చావా?"

నా చేతిలో తుడిచే గుడ్డ ఉంది. అది చల్లగా తగిలింది.

"వదినా," అన్నాను. "నేను ఇక్కడే పని చేస్తున్నాను. వానాకాలం నుంచీ."

ఆమె కనురెప్పలు రెండుసార్లు కొట్టుకున్నాయి. చూపు మెల్లిగా ఈ గదిలోకి తిరిగొచ్చింది. అప్పుడు నా నోరు ఎలాగో నన్ను అందుకుంది.

"ఆ అడుగు లైను ఇంట్లోవాడు కాదు వదినా. దానికి చిరునామా ఉంది."

వదిన తిట్టలేదు. కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చుంది. గొంతు మామూలుగానే ఉంది, అందుకే నాకు ఇంకా ఎక్కువ భయం వేసింది.

"మీ అన్నయ్య లెక్క మొదలుపెట్టే ముందు డేటాబేస్‌ని ఒకటి అడిగేవాడు. నా లెక్క పూర్తయ్యేదాకా ఈ క్షణంలో ఉన్నది ఉన్నట్టే చూపించు, మధ్యలో ఏదీ మారకూడదు అని. ఆ రోజూ అలాగే అడిగాడు. లెక్క ముగించలేదు, మూసి వెళ్ళలేదు. తీగ లాగేశారు కానీ, ఇక్కడికి ఆ కబురు రాలేదు. చెప్పకుండా పోయినవాళ్ళని ఇది పోయారనుకోదు."

"అయితే?"

"అయితే ఇది ఇంకా మాట నిలబెట్టుకుంటోంది. ఆ లైను ఎప్పుడు ఏం అడిగినా చూపించాలి కదా, అందుకని ఆ రోజు నుంచి చనిపోయిన వివరాలన్నీ ఊడవనివ్వకుండా దాచి ఉంచింది. ఊడ్చేవాడు పాపం ఊడ్చీ ఊడ్చీ చెయ్యి ఖాళీగా తిరిగొస్తున్నాడు." వేలితో తెర అడుగున చూపించింది. "ఇక్కడి నుంచి చూస్తే ఆసుపత్రి వేరే. పద్నాలుగో మంచం మీద తాతగారు దగ్గుతూనే ఉన్నారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలెవరూ పుట్టలేదు. నువ్వు పనిలో చేరలేదు. హాజరు పట్టికలో మీ అన్నయ్య డ్యూటీలో ఉన్నాడు."

ఇద్దరం ఆ లైను వైపు చూశాం. దాని పక్కన స్థితి దగ్గర, పని మధ్యలో ఆగి ఉంది అని మాత్రం ఉంది. అది మమ్మల్ని చూస్తోందని నాకనిపించింది. కాదు, నన్ను చూడటం లేదు, వదిననే చూస్తోంది. నేను దానికి లేను.

"ఆపెయ్ వదినా," అన్నాను.

"ఆపాలంటే ముందు అడగాలి. నేను అడగలేదే. ఇన్ని నెలల్లో ఒక్కసారీ ఆ బల్లకి ఫోన్ చేయలేదు. ఎత్తకపోతే లేడని తెలిసిపోతుంది. ఎత్తితే..."

ఫోన్ వైపు చూసి, చూపు తిప్పేసుకుంది.

ఫోన్ నా బల్ల మీద ఉంది. లెక్కల గది నంబరు నాకు చిన్నప్పటి నుంచీ నోటికొచ్చు. అన్నయ్య ఆలస్యమైతే అమ్మ నాతో చేయించేది. ఆ పాత అంకెలు నొక్కాను. వరండా చివర, విరిగిన మంచాల మధ్య అది మోగుతుందేమోనని చెవులు రిక్కించాను. వరండాలో ఏ చప్పుడూ లేదు. చెవి దగ్గర మాత్రం మోగుతూనే ఉంది.

ఎవరో ఎత్తారు.

మాట లేదు. వెనకాల పెద్ద చల్లటి యంత్రమేదో గుర్రుమంటున్న చప్పుడు. మా గదిలోలాంటిదే, ఇంకా బరువుగా. నా వేళ్ళు రిసీవర్‌కి అంటుకుపోయాయి. వదిన వాటిని ఒక్కొక్కటే విడదీసి తన చెవికి పెట్టుకుంది.

"ఉన్నారా అండీ?"

చాలాసేపటికి ఒక ముసలి గొంతు బయటికి కూడా వినపడేంత గట్టిగా పలికింది. "ఎవరు కావాలమ్మా?"

"లెక్కల గది సారు."

"సారా? ఇది శవాల గదమ్మా. నేను కాపలాదారుని. ఇక్కడ ఫోన్ ఎత్తేది నేనొక్కణ్ణే. మిగతావాళ్ళు ఎత్తరు."

వదిన కళ్ళు మూసుకుని అన్నయ్య పేరు చెప్పింది. "ఆ సారు అక్కడ ఉన్నారా?"

"ఉండండి చూస్తాను," అన్నాడాయన, ఎవరైనా అడిగితే చూసినట్టే. అడుగుల చప్పుడు దూరమైంది. బరువైన తలుపు తెరుచుకుంది. మూసుకుంది. అడుగులు తిరిగొచ్చాయి. "లేరమ్మా. ఆ పేరుతో చీటీ ఎవరి మీదా లేదు."

"సరేనండీ," అంది వదిన. "లేరన్నమాట."

ఫోన్ పెట్టేసింది. తెర దగ్గరికి జరిగి, ఆ లైను నంబరు కొట్టింది. చివరి మీట మీద వేలు పెట్టి ఆగింది. "వెళ్ళొస్తా" అంటుందేమో అనుకున్నాను. ఏమీ అనలేదు. నొక్కింది.

లైను పోయింది. దాని చోట ఏమీ రాలేదు. ఇంట్లోవాడైతే మళ్ళీ పుట్టేవాడు. ఇది పుట్టలేదు. ఇద్దరం తెర చూస్తూ కూర్చున్నాం, మళ్ళీ వస్తుందేమో అని. వదిన ఎదురుచూసిందో, భయపడిందో నాకు తెలీదు. నేను మాత్రం భయపడ్డాను.

కాసేపటికి ఊడ్చేవాడి పక్కన మరికొందరు ఊడ్చేవాళ్ళ లైన్లు ఒకటి తర్వాత ఒకటి లేచాయి. ఏ లైను పక్కనా చిరునామా లేదు. అద్దం అవతల యంత్రాల హోరు మారింది. చీకటింట్లో చాలామంది ఒకేసారి చీపుళ్ళు పట్టినట్టు, ఒక సన్నటి బరబర చప్పుడు. తీసేయడానికి వీల్లేని చనిపోయినవాటి లెక్క కళ్ళ ముందే తరుగుతూ వచ్చింది. పద్నాలుగో మంచం తాతగారు. ఆ రోజు మంచాల మీద ఉన్నవాళ్ళందరూ. హాజరు పట్టికలో ఒక డ్యూటీ గుర్తు. ఏది ఎప్పుడు పోతోందో మాకు కనపడదు. సాయంత్రానికి ఆ లెక్క సున్నా అయింది.

"ఇప్పుడు ఫలితాలు వెంటనే వస్తున్నాయి" అని పైనుంచి ఎవరో ఫోన్ చేసి చెప్పారు. వదిన కొత్త సారుకి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన "నాకు ముందే చెప్పాల్సింది మేడం" అన్నాడు. తర్వాత, "నేనైనా చెప్పేవాణ్ణి కాదేమో" అన్నాడు. వైర్ల బాబాయ్ తలగోక్కున్నాడు. "ఆ ఫోను లెక్కల గదిలో ఊరికే పడుందని నేనే తీసుకెళ్ళి శవాల గదిలో బిగించానమ్మా. నంబరు మార్చడానికి బద్ధకించాను." ఆ రోజు ఆయన జోకులేమీ వేయలేదు.

ఆ సాయంత్రం వదిన నాతోపాటే లేచి ఇంటికొచ్చింది. అమ్మ ఇద్దరినీ ఒకేసారి గుమ్మంలో చూసి, సణగడానికి ఏమీ దొరక్క, చెప్పులు సరిగ్గా విప్పుకోమంది.

మర్నాడు పొద్దున ఫోన్ మోగింది. పాత లెక్కల గది నంబరు. నేను ఎత్తాను. అదే గుర్రుమనే చప్పుడు, అదే ముసలి గొంతు.

"నిన్న ఎవరో సారు కోసం అడిగారు కదమ్మా. మనసాగక పొద్దున్నే ఇంకోసారి లోపలంతా చూశాను. లేరు. మీకెక్కడైనా దొరికారా?"

నా నోరు మళ్ళీ వెనకబడింది. రిసీవర్ వదినకి ఇచ్చాను. ఆమె ఈసారి ‘ఉన్నారా అండీ’ అనలేదు.

"వెళ్ళిపోయారండీ," అంది.

"అయ్యో. ఎప్పుడమ్మా?"

వదిన తెర అడుగున ఖాళీగా ఉన్న చోటు వైపు చూసింది.

"చాలా నెలలైంది," అంది.